తూర్పు గోల్‌పోస్టు

పేరయ్యలంక జట్టు గెలిచిన రోజున బజ్జీల బండి దగ్గరికి వచ్చేవాళ్ళు "మనం గెలిచేం" అంటారు. ఓడిన రోజున "వీళ్ళు ఓడిపోయేరు" అంటారు. మాణిక్యానికి ఆట మొత్తం చూసే తీరిక ఉండదు, చేతులెప్పుడూ శనగపిండిలోనే ఉంటాయి. వచ్చిన మొదటి మనిషి మొదటి మాట వింటే చాలు, సంగతి తెలిసిపోతుంది. కిందటేడు కప్పు మొదలైన దగ్గర్నుంచి ఆమెకి "వీళ్ళు" తప్ప మరోటి వినబడలేదు.

చుట్టుపక్కల ఊళ్ళన్నీ వాలీబాలో కబడ్డీయో ఆడుకుని సుఖంగా నిద్రపోతుంటే పేరయ్యలంకకి మాత్రం ఫుట్‌బాల్ పిచ్చి. నతానియేలు అనే డ్రిల్లు మాస్టారు అంటించి పోయిన తామర అది. మాస్టారు పోయారు గాని తామర పోలేదు, గోకినకొద్దీ ఎక్కువవుతోంది. రాజోలు, కొత్తపేట, అమలాపురం, ముమ్మిడివరం జట్లతో ఏటా మాఘమాసంలో కోనసీమ కప్పు ఆడతారు. ఆడేవాళ్ళు పదకొండుమంది. ఆడించేవాళ్ళు ఊరంతానూ.

ఆ ఆదివారం రాజోలు చేతిలో ఓడిన కాసేపటికి బండి చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం చేరారు. గ్రౌండుకి పడమటి పక్కన, పంటకాలువ గట్టు వారగా, నిద్రగన్నేరు చెట్టు కింద ఉంటుంది ఆ బండి. కొబ్బరి చిప్పలు మండే పొయ్యి మీద బాండీ, కిరసనాయిలు స్టవ్వు మీద టీ గిన్నె. మాణిక్యం మిరపకాయ కడుపు చీల్చి, వాము కూరి, పిండిలో ముంచి, తొడిమ పట్టుకుని నూనెలోకి జారవిడుస్తోంది.

"ఫార్వర్డులకి దమ్ము లేదండి. అన్నం తిని ఆడతన్నారు. చపాతీ తిని ఆడాలి," అన్నాడు నాగసతీష్. అతనిది ఎరువుల కొట్టు. పుట్టి బుద్ధెరిగి బంతిని తన్ని ఎరగడు గాని, ఏ తెగులుకి ఏ మందు కొట్టాలో చెప్పినంత ధీమాగా జట్టుకి ఏం పెట్టాలో చెబుతాడు.

"చపాతీలు కాదండి, అసలు రోగం గోలీ దగ్గరుంది," అన్నాడు సాయిదుర్గాప్రసాద్. ఇన్సూరెన్సు ఏజెంటు. ఇస్త్రీ చొక్కా మీద నూనె పడకుండా కాస్త ముందుకి వంగి బజ్జీ కొరికాడు. "నూకరాజుకి వయసైపోయింది. చెట్టెక్కి కాయలు కొయ్యడం వేరు, గోలు కాయడం వేరు."

ఆ మాట అనేటప్పుడు అతను గొంతు తగ్గించలేదు. ఎదురుగా బజ్జీలు వేస్తున్నది ఆ నూకరాజు పెళ్ళామని తెలియక కాదు. తెలిసినా తగ్గించాల్సిన అవసరం అతనికి కనబడలేదు. మాణిక్యం వినిపించుకోనట్టే చిల్లుల గరిటెతో బజ్జీలు తిరగేసింది. ఆ సాయంత్రం నూకరాజు ఎన్ని ఆపాడో ఆమె బండి దగ్గర్నుంచి తల ఎత్తినప్పుడల్లా చూస్తూనే ఉంది. ఆపినవాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. జారిపోయిన ఒక్కటే వీళ్ళకి వారం రోజుల మేత.

నూకరాజు జనం అంతా చెదిరాక వచ్చాడు. చొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు. కొబ్బరిచెట్లని కావలించుకుని ఎక్కీ ఎక్కీ గుండెల మీద చర్మం నల్లగా, మొద్దుగా కాయలు కాసి ఉంటుంది. బంతి వచ్చి అక్కడ తగిలితే దానికే నొప్పి అని జట్టులో కుర్రాళ్ళు ఎగతాళి చేస్తారు. మాణిక్యం ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగేశాడు.

"విన్నావా, నీకు వయసైపోయిందంట," అంది ఆమె.

"అయ్యిందిగా మరి," అని నవ్వాడు. "ఇంకా మూడాటలున్నాయే. ఆఖరాట ముమ్మిడివరంతోటి. అందాకా గోల్లో నిలబడి, పోస్టుకి దణ్ణం పెట్టి మానేస్తాను. ఆపైన నువ్వు బజ్జీలెయ్యమంటే బజ్జీలేస్తాను."

అతనికి ఉన్న కోరికల్లా ఇదొక్కటే. ఆఖరాట దాకా అక్కడ నిలబడాలి. మాణిక్యానికి ఆ ఆటంటే పెద్ద మోజు లేదు గాని, ఆ కోరిక మాత్రం తీరాలని ఉంది.

*

బుధవారం పొద్దున్నే ద్రాక్షారామం నుంచి వాస్తు సిద్ధాంతి గారు కారులో దిగారు. పిలిపించినవారు చిన్నబ్బాయి గారు, క్లబ్బు ప్రెసిడెంటు. గ్రౌండుకి తూర్పున ఉన్న కొబ్బరితోటలు ఆయనవే, అందులో చెట్లెక్కి కాయల దింపు తీసేది నూకరాజే. ఆ రోజుల్లో వాస్తు జ్వరం ఊరూరా పాకి ఉంది. నిక్షేపంలాంటి మెట్లు పీకి అవతల పక్క వేసుకున్నవాళ్ళు, గుమ్మం మూసేసి కిటికీలోంచి దూరి వెళ్ళినవాళ్ళు మాణిక్యానికి పేరు పేరునా తెలుసు. అయినా ఆ జ్వరం గ్రౌండుకి కూడా తగులుతుందని అనుకోలేదు.

సిద్ధాంతి గారు దిక్సూచి అరచేతిలో పెట్టుకుని గ్రౌండు నలుమూలలా నడిచారు. గోల్‌పోస్టులు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి ఉన్నాయి. నతానియేలు మాస్టారు ఎప్పుడో పాతించిన సరుగుడు బాదులు. దక్షిణపు పోస్టు ముందు ఆగి ఆయన నాలిక కరుచుకున్నారు.

"గోల్‌పోస్టంటే ఏమిటండీ? గుమ్మమే కదా! రెండు ద్వారబంధాలు, పైన ఓ కమ్మీ. దక్షిణాన గుమ్మం పెట్టుకుని, తలుపు కూడా లేకుండా వదిలేసి, శత్రువు లోపలికొచ్చేడంటే రాడా మరి?"

చుట్టూ ఉన్నవాళ్ళందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. "అదండీ సంగతి!" అన్నాడు సాయిదుర్గాప్రసాద్, తనకి ముందే తెలుసన్నట్టు. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. వీళ్ళు ఆడను కూడా ఆడరు, మద్దెలకి మాత్రం శాంతి చేయిస్తారు.

తేలిందేమిటంటే, పోస్టులు తూర్పుకి ఒకటి, పడమరకి ఒకటి మార్చాలి. మన జట్టు మొదటి సగం తూర్పు ముఖంగా నిలబడి ఆట మొదలెట్టాలి. ప్రెసిడెంటు గారి కుర్చీలు ఇన్నాళ్ళూ పడమటి గట్టు మీద మాణిక్యం బండి పక్కన ఉండేవి. అవి దక్షిణానికి జరగాలి, అక్కడ కూర్చుని ఉత్తరం చూస్తే కుబేరుడి చూపు తగులుతుంది.

"ఒరే నూకరాజూ, దింపు రేపు తీద్దువు గాని. ఇయ్యాళ ఇది చూడు," అన్నారు చిన్నబ్బాయి గారు.

"ఆయ్, అలాగేనండి బాబుగారూ."

నూకరాజు గునపం తెచ్చాడు. పాత బాదుల మొదట్లో మట్టి తవ్వి, ఊపి ఊపి, పళ్ళు పీకినట్టు పీకాడు. కొత్తచోట మోకాటి లోతు దాటాక నీరు ఊరింది. గోతిలో ఇటుకముక్కలూ ఇసకా వేసి దిమ్మిస పెట్టి, బాదు నిలబెట్టి, ఓ కన్ను మూసి నిలువు చూసుకున్నాడు. పోస్టుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. గోలుకి అడ్డంగా బూడిద గుమ్మడికాయ కొట్టారు. ఆ ముక్కల మీద కాలు జారకుండా నూకరాజే మళ్ళీ వాటిని ఏరి, అక్కడ మన్ను చల్లాడు. చీకటి పడబోతుంటే రొయ్యల చెరువు దగ్గర్నుంచి తెచ్చిన పాత వల పోస్టుకి కట్టి, తెగిన కన్నాలన్నీ కొబ్బరితాడుతో ముడేశాడు.

మాణిక్యం గట్టు మీద నిలబడి అదంతా చూసింది. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడంటారు. తీయించినవాళ్ళు పడ్డ కథ మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ సాయంత్రమే కుర్చీలు పోయిన ఖాళీలోకి ఆమె ఇంటి దగ్గర పడున్న బల్లలు రెండు తెచ్చి వేసుకుంది. అన్నాళ్ళూ జనం నిలబడే తినేవారు. ఇప్పుడు కాస్త కూర్చుని తింటారు.

*

కొత్తపేట జట్టు వచ్చింది. టాసు వాళ్ళే గెలిచారు గాని, సాయిదుర్గాప్రసాద్ పరిగెత్తుకుంటూ వెళ్ళి తూర్పు ముఖం తమకి వదిలెయ్యమని బతిమాలాడు. కొత్తపేట కెప్టెను ఒకసారి ఆకాశం కేసి చూశాడు, ఒకసారి ఇతని మొహం కేసి చూశాడు, నవ్వి సరేనన్నాడు.

మొదటి సగం బ్రహ్మాండంగా సాగింది. నూకరాజు పడమటి పోస్టులో, అంటే మాణిక్యం బండికి ఎదురుగా, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. పక్కకి దూకి ఒకటి, పిడికిలితో గుద్ది ఒకటి ఆపాడు. మన కుర్రాళ్ళు ఒక గోలు కొట్టారు. విరామంలో బండి దగ్గర "మనం" అన్న మాట చాలా రోజులకి వినబడింది. నూకరాజు మజ్జిగ తాగి, అవతలి కొసన తూర్పు పోస్టులోకి వెళ్ళాడు.

పొద్దు వాలింది. పడమరంతా కనుచూపు మేర దాళ్వా వరి చేలు, బండి మీది నిద్రగన్నేరు తప్ప అడ్డం ఒక్క చెట్టు లేదు. ఎండ కాలువ నీళ్ళ మీద పడి గ్రౌండు పొడుగునా పరుచుకుంది. మాణిక్యం తల ఎత్తి చూస్తే, దూరంగా గోల్లో మొగుడు కుడిచెయ్యి నుదుటికి ఆనించుకుని తన వైపే చూస్తున్నాడు. మంచినీళ్ళు కావాలేమో అనుకుంది. ఆ వెంటనే అతని ముందుకి బంతి వచ్చింది. అతను బంతి ఉన్న చోటికి కాకుండా ఒక బారెడు ఇవతలకి దూకాడు. కాసేపటికి మరొకటీ అంతే. నుదుటి మీద చెయ్యి, గాలిలో తడుములాట, వెనక వలలో బంతి.

"సెల్యూట్ కొడతన్నాడ్రా!" అని ఎవరో కేకేశారు. జనం గొల్లుమన్నారు. అప్పట్నుంచి చెయ్యి ఎత్తినప్పుడల్లా "సెల్యూట్! సెల్యూట్!" అని సొంత ఊరివాళ్ళే అరిచారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. వీళ్ళు ఏరు సగంలో ఉండగానే బోడి మల్లయ్య అన్నారు.

ఆట అయ్యాక బండి దగ్గర పంచాయితీ పెట్టారు. చిన్నబ్బాయి గారు బల్ల మీద కూర్చున్నారు. నూకరాజు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంట్రా, వాస్తు బాగుచేయించినా ఇదేంటి?"

"సూర్యుడు కళ్ళల్లో కొట్టేడండి. బంతి కనబడలేదండి."

"సూర్యుడు ఇద్దరికీ ఒకడే కదరా!" అన్నాడు సాయిదుర్గాప్రసాద్ అందరి మొహాలూ చూస్తూ. "మొదటి సగం అవతల గోలీ నిలబడింది అక్కడే గదా. అతనికి లేడా సూర్యుడు? నీకొక్కడికే ఉన్నాడా?"

భలే అడిగావన్నట్టు నవ్వారందరూ. నాలుగున్నరకి సూర్యుడు ఇంకా పైనే ఉంటాడని, అయిదు దాటాక కళ్ళ మీదికి దిగుతాడని ఆ నవ్వేవాళ్ళలో తెలియనివాడు లేడు. చేలో పనివాళ్ళని ఎప్పుడు వదలాలో పొద్దు చూసి చెప్పేవాళ్ళే అందరూ.

"ఎండా కాదు, పాడూ కాదండి. విరామంలో ఏదో తాగేడు. నేను చూసేను," అన్నాడు నాగసతీష్.

"మజ్జిగండీ," అంది మాణిక్యం. చేతిలో చిల్లుల గరిటె అలాగే ఉంది. "నా చేత్తో ఇచ్చేను. ఇదిగో ఆ గిన్నెలో ఇంకా ఉంది, వాసన చూడండి."

నాగసతీష్ గిన్నె వైపు చూడలేదు. చేతిలో సగం కొరికిన బజ్జీ వైపు చూసుకుని, "కాస్త ఉప్పు తగ్గింది మాణిక్యం," అన్నాడు.

మాణిక్యం గరిటె బాండీ అంచుకి ఠంగుమని కొట్టింది. తన చేత్తో వేసినవి తింటూ, తన బల్ల మీద కూర్చుని, తన మొగుణ్ణి తన ముందే తాగుబోతుని చేశారు. పైగా ఉప్పు.

"వచ్చే ఆదివారం మా మేనల్లుడు వినయ్ నిలబడతాడు," అన్నారు చిన్నబ్బాయి గారు లేస్తూ. "కాకినాడలో ఇంజనీరింగ్ కాలేజీ టీముకి ఆడతన్నాడు. నువ్వు రెస్టు తీసుకోరా. మళ్ళీ చూద్దాం."

"ఆయ్," అన్నాడు నూకరాజు.

ఇంటికి వెళ్ళేదారిలో మాణిక్యం గిన్నెలు నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. "ఆయ్ అంటే సరిపోయిందా? నోరు పెగల్లేదా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"చెప్పేనుగా, సూర్యుడని."

"చెప్పి నవ్వించుకున్నావు."

శనివారం సాయంత్రం అతను తాడుచుట్ట పట్టుకుని గ్రౌండుకి వెళ్ళాడు. తను నిలబడని గోలుకి వల బాగుచేసి వచ్చాడు. అది చూసి మాణిక్యానికి అతని మీద కూడా రోత పుట్టింది. తంతే వెళ్ళి వాళ్ళ కాళ్ళ దగ్గరే పడ్డాడు, ఏం మనిషి, అనుకుంది.

*

వినయ్ నిజానికి చెడ్డ కుర్రాడు కాదు. ఎత్తుగా ఉన్నాడు, చేతులకి తెల్లటి గ్లవ్సు తొడుక్కున్నాడు. ఆ గ్లవ్సు చూడ్డానికే సగం ఊరు వచ్చింది. అమలాపురం జట్టుతో మొదటి సగం మళ్ళీ తూర్పు ముఖంగానే గడిచింది. రెండో సగం అతను తూర్పు పోస్టులోకి వెళ్ళాడు. పొద్దు వాలింది.

వినయ్ తెల్లటి గ్లవ్సు నుదుటికి ఆనించుకున్నాడు.

మాణిక్యం గరిటె పక్కన పెట్టి చెవులు రిక్కించింది. "సెల్యూట్" అన్న కేక ఎక్కడా వినబడలేదు. బంతి అతని చేతుల మధ్య నుంచి దూరిపోయింది. గ్రౌండంతా "అయ్యో!" అంది. రెండోది పోయింది. మళ్ళీ "అయ్యో పాపం!" మూడోదానికి చిన్నబ్బాయి గారు కుర్చీలోంచి లేచి నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని పడమర కేసి చూశారు. ఆ గ్రౌండులోకి సూర్యుడు మొదటిసారి వచ్చినట్టు చూశారు.

బండి దగ్గర ఆ సాయంత్రం అందరూ సూర్యుడి గురించే మాట్లాడారు.

"ఎండ తిన్నగా కళ్ళల్లో కొడతంటే ఎవడు మాత్రం ఏం చేస్తాడండి," అన్నాడు నాగసతీష్.

"కుర్రాడు కాబట్టి మూడుతో ఆపేడు," అన్నాడు సాయిదుర్గాప్రసాద్. "మనం ముందే చూసుకోవాల్సింది. శాస్త్రం ఒప్పే గానీ, ప్రాక్టికల్ కూడా ఉండాలి గదండి."

మాణిక్యం టీ గ్లాసులు వాళ్ళ ముందు పెట్టింది. పెట్టి అక్కడే నిలబడింది. "పోయిన ఆదివారం మా ఆయన చెప్పింది ఈ సూర్యుడి గురించేనండి."

ఒక్క క్షణం అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. అప్పుడు చిన్నబ్బాయి గారు చాలా మర్యాదగా, తెలియనిదానికి విడమరిచి చెప్పినట్టు చెప్పారు. "అది వేరు మాణిక్యం. మీవాడు పొద్దస్తమానం ఎండలో చెట్లెక్కేవాడు, అలవాటు పడ్డ కళ్ళు. వినయ్ బాబు చదువుకునేవాడు. కళ్ళు సున్నితం."

మిగిలినవాళ్ళు తలలూపారు. నూకరాజు కొబ్బరి చిప్పలు పొయ్యిలోకి ఎగదోస్తున్నాడు, తల ఎత్తలేదు. ఆ క్షణంలో బాండీలో నూనె తీసి ఆ ఇస్త్రీ చొక్కాల మీద పోస్తే ఎలా ఉంటుందోనని మాణిక్యానికి అనిపించింది. అనిపించినందుకు ఆమె ఏమీ బాధపడలేదు.

సిద్ధాంతి గారికి కబురు వెళ్ళింది. ఉత్తరాయణంలో దక్షిణ గుమ్మానికి దోషం లేదని ఆయన తిరుగు కబురు పంపారు. శాస్త్రంలో అన్నిటికీ చోటుంటుంది, అడిగేవాణ్ణి బట్టి. ఇక పోస్టులు మళ్ళీ ఉత్తరానికి, దక్షిణానికి మారాలి.

"ఒరే నూకరాజూ, దింపు రేపు తీద్దువు గాని."

"ఆయ్ బాబుగారూ."

నూకరాజు మళ్ళీ గునపం తీశాడు. వినయ్ బాబు కళ్ళల్లో ఎండ పడకుండా, మళ్ళీ పాత గోతులు వెతికి, అందులో మన్ను తోడి, అవే బాదులు నిలబెట్టాడు. ఓ కన్ను మూసి నిలువు చూసుకున్నాడు. మాణిక్యం మజ్జిగ పట్టుకెళ్ళింది. గోతి పక్కన గ్లాసు పెట్టి, "ఆఖరాటకి పిలుస్తారని ఇంకా ఆశ ఉందా మావా నీకు?" అని అడిగింది.

అతను బాదు చుట్టూ మట్టి కాలితో తొక్కుతూ, "పోస్టు వంకరగా ఉంటే బాగోదే," అన్నాడు.

*

ఆఖరి ఆదివారం ముమ్మిడివరం వాళ్ళు లారీలో డప్పులతో దిగారు. కప్పు ఎలాగూ పోయింది, పరువైనా మిగలాలని పేరయ్యలంక మొత్తం గ్రౌండు మీద ఉంది. గోల్లో వినయ్ నిలబడ్డాడు. నూకరాజుని ఎవరూ పిలవలేదు, పిలవలేదన్న సంగతి కూడా ఎవరికీ తట్టినట్టు లేదు. అతను బండి పక్కన కూర్చుని మిరపకాయలు చీలుస్తున్నాడు. చూపు మాత్రం గ్రౌండు మీదే ఉంది. కత్తి వేలికి తగులుతుందేమోనని మాణిక్యం ఓ కన్ను అతని మీద వేసి ఉంచింది.

ఆట మొదలవబోతుంటే సాయిదుర్గాప్రసాద్ కుర్చీలు మోయించుకుని వచ్చాడు. పోస్టులు మారాయి కాబట్టి కుర్చీలు మళ్ళీ పడమటి గట్టుకి రావాలి.

"మాణిక్యం, ఈ బల్లలు తీసేసి బండి అటు కాలువ కొసకి జరుపు. ప్రెసిడెంటు గారొస్తన్నారు."

నూకరాజు కత్తి పక్కన పెట్టి లేవబోయాడు. మాణిక్యం అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. బాండీలో నూనె కాగి పొగలు కక్కుతోంది. నూనెలో వాయి అప్పుడే వేసింది.

"కుదరదండి," అంది.

"ఏంటీ?"

"కాగిన నూనండి. కదిపితే ఒలుకుద్ది. బల్లల మీద జనం తింటన్నారు. నేను జరపనండి."

అన్నాళ్ళ నుంచి ఆమె నోట "అలాగేనండి" తప్ప వినని మనిషి ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూశాడు. బల్ల మీద తింటున్నవాళ్ళు లేవలేదు. రెఫరీ విజిలు పెదాల దగ్గర పెట్టుకున్నాడు. చిన్నబ్బాయి గారి స్కూటరు గేటు దాటింది.

"సరే సరే, తూర్పు పక్కకి పట్టండ్రా. తోట వారగా చల్లగా ఉంటది," అన్నాడు సాయిదుర్గాప్రసాద్. కుర్చీలు గ్రౌండుకి అడ్డంగా పరిగెత్తాయి.

అప్పుడు మాణిక్యం మనసులో మొండితనం తప్ప మరేమీ లేదు. మొగుడి మొహం చూడకుండా వాయి తీసింది, మరో వాయి వేసింది. రేపట్నుంచి తోటలో దింపు ఉంటుందో ఊడుతుందో అన్న ఆలోచన మాత్రం వదల్లేదు. మొదటి సగం ఎలా అయిపోయిందో ఆమెకి తెలియదు. ఎవరూ గోలు కొట్టలేదని మాత్రం విన్నది.

పొద్దు వాలింది. ఎండ చేల మీదుగా, కాలువ మీదుగా వచ్చి, ఆమె వీపుని వెచ్చగా తాకి, గ్రౌండు దాటి అవతలికి పోయింది. గ్లాసులు కడుగుతూ యథాలాపంగా తల ఎత్తింది. ఎదర, తూర్పు గట్టు మీద, కుర్చీల్లో చిన్నబ్బాయి గారు, ఆ పక్కన నాగసతీష్, ఆ పక్కన సాయిదుర్గాప్రసాద్, ఇంకా ఊరి పెద్దలంతా వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కళ్ళూ కుడిచెయ్యి నుదుటికి ఆనించుకుని ఉన్నారు. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్క చెయ్యి కిందికి దిగలేదు.

"మావా," అంది మెల్లగా. "అటు చూడు."

నూకరాజు అటు చూడలేదు. అతని కళ్ళు బంతి మీద ఉన్నాయి. ముమ్మిడివరం కుర్రాడు దూరం నుంచి తన్నిన బంతి ఉత్తరపు పోస్టు పైకమ్మీకి తగిలి, లోపల పడి, బయటికి ఎగిరింది. వినయ్ కళ్ళల్లో ఎండ లేదు, గాలి లేదు, ఏమీ లేదు. ఊరికే చూస్తూ నిలబడిపోయాడు. రెఫరీ విజిలు ఊదాడు. తూర్పు గట్టు మీద గగ్గోలు లేచింది. గోలు కాదని కొందరు, అసలేం జరిగిందని కొందరు. సాయిదుర్గాప్రసాద్ కళ్ళు నులుముకుంటూ గ్రౌండు చుట్టూ తిరిగి బండి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"నూకరాజూ, నువ్వు చూసేవా? గీత దాటిందా?"

"దాటిందండి. గోలేనండి."

"నిజంగా?"

"ఆయ్. జానెడు లోపల పడిందండి."

సాయిదుర్గాప్రసాద్ ఉసూరుమంటూ బల్ల అంచున కూలబడ్డాడు. "ఛ. వీళ్ళింతే. అయినా అక్కడ కూర్చుంటే ఏం కనబడతది, ఎండ తిన్నగా కళ్ళల్లో కొడతంది. మాణిక్యం, కాస్త బండి జరిపితే ఏం పోయేది?"

మాణిక్యం తుడుస్తున్న గ్లాసు కింద పెట్టింది. ఈ మాట కోసం తను ఎన్నాళ్ళ నుంచో ఎదురు చూస్తున్నట్టు అనిపించింది. అతని కళ్ళల్లోకి చూసి, ఒక్కొక్క మాటా తూచి అంది.

"సూర్యుడు అందరికీ ఒకడే గదండీ ప్రసాద్ గారూ."

అతను తల ఎత్తాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుందని ఆమె ఊపిరి బిగబట్టింది. సాయిదుర్గాప్రసాద్ మొహం వికసించింది.

"బాగా చెప్పేవు మాణిక్యం! అదీ మాట. ప్రెసిడెంటు గారికి చెప్తానుండు," అని నవ్వి, టీ గ్లాసు తీసుకుని, మరో రెండు బజ్జీలు కాగితంలో చుట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట తనదేనని అతనికి గుర్తు కూడా లేదు.

తిట్టిన తిట్టు తగలాలన్నా మనిషికి కాస్త చర్మం పలచగా ఉండాలి. వీళ్ళకి అదీ లేదు. వీళ్ళని తిట్టడం కూడా దండగే అనిపించింది మాణిక్యానికి.

ఆట అయిపోయింది. ముమ్మిడివరం డప్పులు మోగాయి. జనం బండి మీదికి విరుచుకుపడ్డారు. "వీళ్ళు మారరండి." "వీళ్ళని పెంచడం దండగండి." "ఈ కుర్రాడికి గ్లవ్సే గానీ చేతుల్లేవు." మేనమామ వినకుండా అన్నారు ఆ చివరిది. "ఎంతైనా సెల్యూట్ గాడే నయం," అన్నాడు ఎవడో. ఆ సెల్యూట్ గాడు ఎదురుగానే టీ గ్లాసులు అందిస్తున్నాడు. వాళ్ళు అతని చేతిలోంచే అందుకుంటూ అన్నారు.

జనం పలచబడ్డాక నూకరాజు లేచాడు. మాణిక్యం బాండీ దించి నిప్పు మీద నీళ్ళు చల్లుతోంది. మంచి పనైంది, ఆ పొగరుకి తగిన శాస్తి జరిగింది, అనాలని ఉంది ఆమెకి. అతను కూడా ఆ మాటే అంటాడని, ఒక్కసారైనా కసిదీరా నవ్వుతాడని ఎదురుచూసింది. అతను ఖాళీ అయిన గ్రౌండు వైపే చూస్తున్నాడు. ఉత్తరపు పోస్టులో వల ఓ మూల తెగి వేలాడుతోంది.

"మనం ఓడిపోయేం మాణిక్యం," అన్నాడు.

ఆమె చేతిలో చెంబు ఆగిపోయింది. అన్ని ఆదివారాలుగా ఆ గట్టు మీద అంతమంది ఓటమి గురించి మాట్లాడారు. ఓటమిని తనదిగా చెప్పుకున్న మనిషి ఇతనొక్కడే, ఆటలోంచి గెంటించుకున్నవాడు. పోస్టు దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టి వస్తాడేమోనని చూసింది. అతను వెళ్ళలేదు. బండి కింద చెయ్యి పెట్టి తాడుచుట్ట కోసం తడుముకుంటున్నాడు.

నోటిదాకా వచ్చిన మాట మింగేసి, మాణిక్యం తాడుచుట్ట తీసి అతని చేతికిచ్చింది. కత్తి తను పట్టుకుంది. ఇద్దరూ వల దగ్గరికి నడిచారు.